వేల అలర్ట్‌లు, ఆగని డేటా: గుంటూరు మిర్చి ధరల మీద క్వెరీ ఇంజిన్ కట్టడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డులో ఒక లాట్‌కు ధర ఖరారైన వెంటనే, ఆ ధర కోసం ఎదురుచూస్తున్న వాళ్ల ఫోన్లకు మెసేజ్ వెళ్లాలి. మీ చేతికి వచ్చిన పని ఇదే అనుకుందాం. సత్తెనపల్లి వైపు రైతు ఒకాయన "తేజ రకం క్వింటాలు 19,000 దాటితే చెప్పండి" అని పెట్టుకున్నాడు. కోల్డ్ స్టోరేజీలో సరుకు దాచిన ఇంకొకాయనకు ఏసీ కాయల (కోల్డ్ స్టోరేజీలో నిల్వ ఉంచిన కాయల) ధర తప్ప వేరే అక్కర్లేదు. ఎగుమతి వ్యాపారికి 334 రకం, 50 టిక్కీలకు (బస్తాలకు) తగ్గకుండా, క్వింటాలు 16,000 లోపు దొరికితేనే కబురు కావాలి. ఇలాంటి ప్రశ్నలు, డేటాబేస్ మాటల్లో క్వెరీలు, 20,000 ఉన్నాయనుకోండి. ఈ ధరలూ సంఖ్యలూ లెక్క కోసం వేసుకున్నవే, ఇవాళ్టి రేట్లు కావు.

అటు నుంచి లాట్ల వివరాలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఒక్కో లాట్ ఒక్కో రికార్డు: రకం, ఏసీనా నాన్ ఏసీనా, ఎన్ని టిక్కీలు, తేమ, క్వింటాలు ధర, సమయం. ప్రతి రికార్డుకూ ఈ 20,000 మందిలో ఎవరికి చెప్పాలో తేల్చాలి.

చాలామంది మొదట చేసేది ఒకటే. లాట్ రాగానే దాన్ని డేటాబేస్‌లో పడేస్తారు, తర్వాత ప్రతి చందాదారుడి క్వెరీనీ ఆ టేబుల్ మీద నడుపుతారు. ఒక్కో క్వెరీకి రానూపోనూ 1 మిల్లీసెకను పట్టినా ఒక్క లాట్‌కు 20 సెకన్లు. ఈలోపు ఇంకో పది లాట్లు వచ్చి కూర్చుంటాయి. తర్వాత పెద్ద సర్వర్ కొంటారు, అదీ చాలదు.

ఇక్కడ తలకెక్కించుకోవాల్సింది ఒకటుంది. మామూలు డేటాబేస్ పనిలో డేటా కదలకుండా ఉంటుంది, క్వెరీలు వచ్చిపోతుంటాయి, అందుకే డేటాకు ఇండెక్స్ (అంతా వెతక్కుండా నేరుగా చోటు చూపే సూచిక) వేస్తాం. మీ దగ్గర క్వెరీలు కదలకుండా ఉన్నాయి, డేటా వచ్చిపోతోంది. కాబట్టి ఇండెక్స్ వేయాల్సింది క్వెరీలకు. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం పట్టుకుని ఊళ్లో ప్రతి తలుపూ కొట్టి "ఇది మీదేనా" అని అడగడు కదా, ముందే వీధులవారీగా సర్దుకుంటాడు. 1992లో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రమైన పార్క్‌లోని పరిశోధకులు టాపెస్ట్రీ అనే వ్యవస్థలో, వచ్చిపడే మెయిళ్ల మీద ఇలా నిలిచి ఉండే క్వెరీలు నడిపారు. అప్పటి నుంచి ఈ రంగంలో జరిగిన పనిలో చాలా భాగం, ఆ క్వెరీల మధ్య ఉమ్మడి పనిని ఒక్కసారే ఎలా చేయాలన్న దాని చుట్టూనే తిరిగింది.

ప్రశ్నకు ముందు హద్దు గీయండి

చందాదారుడు ఏదైనా అడగవచ్చని వదిలేస్తే మీరు ఏ ఇండెక్సూ కట్టలేరు. ఫారంలో నాలుగైదు గడులే ఇవ్వండి: రకం, ఏసీ లేక నాన్ ఏసీ, టిక్కీలు ఎన్నికి తగ్గకూడదు, ధర ఎంత పైన లేదా ఎంత లోపు. ప్రశ్నను ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) వాక్యంగా దాచకండి. గడులు గడులుగానే, అంటే ఏ ఫీల్డు, ఏ పోలిక, ఏ విలువ అన్నట్టుగా దాచండి. రేపు ఇండెక్స్ మార్చాలన్నా ఇదే మీకు ఆధారం.

రకాల పేర్ల దగ్గర ఓపిక కావాలి. బ్యాడిగి అని ఒకరు, బాడిగ అని ఒకరు, బ్యాడగి అని ఇంకొకరు రాస్తారు. 334ని సన్నం అనేవాళ్లున్నారు. లోపలికి వచ్చేటప్పుడే అన్నిటినీ ఒక కోడ్ కిందకు తేవాలి, రికార్డుకూ ప్రశ్నకూ ఒకే పట్టిక వాడాలి. 334, 341, 273 అన్నవి పేర్లు, అంకెలు కావు. వీటిని అంకెలుగా దాచారో, ఎవడో ఒకడు ఎప్పుడో "334 కంటే ఎక్కువ" అని వెతికే కోడ్ రాస్తాడు. తేజ వేరు, తేజ తాలు (రంగు పోయిన నాసి కాయలు) వేరు. తాలు కాయల ధర మంచి కాయల ధరలో కలిసిపోతే రైతుకు వెళ్లే మెసేజ్ మొత్తం తప్పు.

"తేజ లేదా 341" అని అడిగితే దాన్ని రెండు ప్రశ్నలుగా విడగొట్టి ఒకే యజమాని కింద పెట్టండి. పంపేముందు యజమాని పేరు మీద డూప్లికేట్ తీసేస్తే సరిపోతుంది. "తాలు కాకుండా" లాంటి నిషేధాలకు ఇండెక్స్ పనికిరాదు. మిగతా షరతులన్నీ నెగ్గాక చివర్లో చూడాల్సినవి అవి.

మొద్దు పద్ధతి కూడా రాసి ఉంచండి

తెలివైన ఇంజిన్ కంటే ముందు తెలివి లేనిది ఒకటి రాయండి. ప్రశ్నలన్నీ మెమరీలో ఒక జాబితాగా ఉంచి, ప్రతి లాట్‌కూ మొదటి నుంచి చివరిదాకా పోల్చుకుంటూ పోయేది. రెండు కారణాలకు ఇది కావాలి. ఒకటి, తర్వాత మీరు కట్టేది ఒప్పో తప్పో చెప్పే సాక్షి ఇదే. రెండోది కొంచెం ఇబ్బందిగా ఉంటుంది గానీ నిజం: మీకు ఇదే చాలేమో.

జావాలోనో గో లోనో రాసిన కోడ్‌కు మెమరీలో 20,000 చిన్న పోలికలు కొద్ది మిల్లీసెకన్ల పని. మీకు సెకనుకు రెండు మూడు లాట్లే వస్తుంటే ఇక్కడితో ఆగిపోండి, మిగతా సమయం మెసేజ్‌ల మీద పెట్టండి. ప్రశ్నలు లక్షల్లోకి వెళ్లినా, అదే ఇంజిన్‌తో దుగ్గిరాల పసుపు లాంటి మార్కెట్లు ఇంకొన్ని కలిపినా, సెకనుకు వందల రికార్డులు వచ్చినా అప్పుడు కింది పద్ధతులు కావాలి. అవసరం లేకుండా క్లస్టర్ (కలిసి పనిచేసే మెషీన్ల గుంపు) కట్టినవాళ్లను విజయవాడ, గుంటూరుల్లోనే చాలామందిని చూశాను. అది ఇంజినీరింగ్ కాదు, ముచ్చట.

ఒకేలాంటి ప్రశ్నలను కలిపేయండి

ప్రశ్నల జాబితాను ఒకసారి తెరిచి చూడండి. "తేజ, 20,000 పైన" అన్నది అక్షరం తేడా లేకుండా వందల మంది అడిగి ఉంటారు, ఎందుకంటే మనుషులు గుండ్రటి అంకెలే అడుగుతారు. ఆ వందమందికీ ప్రశ్న ఒక్కటే ఉంచి, దాని కింద ఫోన్ నంబర్ల జాబితా పెట్టండి. ఇంత చిన్న పనికే ప్రశ్నల సంఖ్య చాలా వరకు పడిపోతుంది.

ఆ తర్వాతి మెట్టు అచ్చు చూడటం. "తేజ 19,000 పైన", "341 17,500 పైన" అన్నవి వేర్వేరు ప్రశ్నలే గానీ అచ్చు ఒకటే: రకం ఇంత, ధర ఇంతకు పైన. మారేది విలువలే. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 2000లో వచ్చిన నయాగరా సీక్యూ చేసింది ఇదే. ఒకే అచ్చున్న క్వెరీలను గుంపుగా కట్టి, వాటి విలువలను ఒక టేబుల్‌లో పెట్టి, వచ్చిన రికార్డును ఆ టేబుల్‌తో జాయిన్ చేసింది, అంటే సరిపోలే వరుసలతో జతకలిపింది. వేల క్వెరీలు నడపాల్సిన చోట అచ్చుకు ఒకటి చొప్పున నడిస్తే చాలు. మీ ఫారంలో నాలుగైదు గడులే ఉన్నాయి కాబట్టి అచ్చులు కూడా కొన్నే ఉంటాయి. హద్దు గీయమన్నది ఇందుకే.

చిన్న టీమ్ అయితే దీన్ని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోనే చేసుకోవచ్చు. ప్రశ్నకు ఒక వరుస. రకం ఒక కాలమ్, ధర ఒక రేంజ్ కాలమ్, టిక్కీలు ఇంకో రేంజ్ కాలమ్. పైహద్దు చెప్పకపోతే ఆ వైపు అనంతం. వీటి మీద జిస్ట్ ఇండెక్స్ (రేంజ్‌లలో వెతకడానికి పనికొచ్చే రకం) వేయండి. రకం కాలమ్‌ను కూడా అదే ఇండెక్స్‌లో చేర్చడానికి బీట్రీ జిస్ట్ ఎక్స్‌టెన్షన్ కావాలి. లాట్ రాగానే "ఈ ధర ఏ రేంజ్‌లలో పడుతుంది" అని ఒకే ఒక్క క్వెరీ. "ఏ రకమైనా సరే" అన్నవాళ్ల రకం గడిని ఖాళీగా వదలకండి, దానికి ప్రత్యేక కోడ్ ఇచ్చి రెండు కోడ్‌లకూ వెతకండి. వార్తల్లోనో పత్రాల్లోనో మాటలు వెతికే ప్రశ్నలైతే ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్‌లో పెర్కొలేటర్ ఉంది. అదీ క్వెరీలను దాచుకుని, వచ్చిన పత్రాన్ని వాటి మీదకు పంపుతుంది.

లెక్కపెట్టే పద్ధతి

డేటాబేస్ దాకా పోకుండా మెమరీలోనే వేగంగా చేయాలంటే ప్రశ్నలను షరతులుగా విడగొట్టాలి. నాలుగు ప్రశ్నలతో చూద్దాం. మొదటిది: తేజ, 19,000 లేదా ఆ పైన. రెండోది: తేజ, నాన్ ఏసీ, 20,000 లేదా ఆ పైన. మూడోది: 334, 16,000 లోపు, కనీసం 50 టిక్కీలు. నాలుగోది: ఏ రకమైనా ఏసీ కాయలు, కనీసం 100 టిక్కీలు.

సమానమా కాదా అని చూసే షరతులకు హాష్ టేబుల్ (విలువ ఇస్తే దాని కిందున్నవాటిని నేరుగా చూపే పట్టిక) పెట్టండి. తేజ అనగానే మొదటి, రెండో ప్రశ్నలు దొరుకుతాయి. "ఇంతకు పైన" అనే షరతులకు ఆ విలువలను వరుసలో పేర్చిన జాబితా ఒకటి ఉంచండి. 19,500 ధర వస్తే బైనరీ సెర్చ్‌తో, అంటే జాబితాను సగం సగం చేసుకుంటూ, ఆ చోటు పట్టుకుంటారు. దానికి కిందున్న షరతులన్నీ నెగ్గినట్టే, పైనున్నవన్నీ ఓడినట్టే. 20,000 విలువలున్న జాబితాలో చోటు పట్టడానికి 15 అడుగులు చాలు. "ఇంత లోపు" షరతులకు ఇలాంటిదే ఇంకో జాబితా, అందులో అటూఇటూ తిరగబడుతుంది.

ప్రతి ప్రశ్నకూ ఒక కౌంటర్. దాని షరతు ఒకటి నెగ్గినప్పుడల్లా ఒకటి కలపండి. ఇప్పుడు లాట్ వచ్చింది: తేజ, నాన్ ఏసీ, 60 టిక్కీలు, 19,500. మొదటి ప్రశ్నకు రెంటికి రెండూ నెగ్గాయి, మెసేజ్ వెళ్తుంది. రెండోదానికి రకం, నాన్ ఏసీ నెగ్గాయి, ధర ఓడింది, మూడింటికి రెండే. మూడోదానికి టిక్కీల షరతు ఒక్కటే నెగ్గింది. నాలుగోదానికి సున్నా. ఏ ప్రశ్ననూ మొత్తంగా చదవకుండానే తేలిపోయింది.

ఇందులో చిన్న చిక్కు: లాట్ లాట్‌కూ కౌంటర్లన్నిటినీ సున్నా చేస్తే, వదిలించుకున్న పని మళ్లీ నెత్తిన పడుతుంది. ప్రతి కౌంటర్ పక్కన లాట్ క్రమసంఖ్య రాసుకోండి. తాకినప్పుడు ఆ సంఖ్య పాతదైతే అప్పుడే సున్నా నుంచి మొదలుపెట్టండి. తాకనివాటి జోలికి పోనక్కర్లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. "కనీసం 10 టిక్కీలు" అన్న షరతు దాదాపు ప్రతి లాట్‌కూ నెగ్గుతుంది. అంటే ఎందుకూ కొరగాని ఆ షరతు కోసం వేల కౌంటర్లు కదులుతాయి. అందుకని ప్రతి ప్రశ్నలో గట్టిగా వడకట్టే షరతు ఒకదాన్ని ఎంచి, ప్రశ్నను దాని కింద మాత్రమే నమోదు చేయండి. అది నెగ్గితేనే మిగతావి చూడాలి. మిర్చిలో అది సాధారణంగా రకం. కానీ సగం మంది తేజనే అడుగుతారు, కాబట్టి తేజ బుట్ట ఒక్కటే ఉబ్బిపోతుంది. ఆ బుట్టను మాత్రం "తేజ, ఏసీ" "తేజ, నాన్ ఏసీ" అని ఇంకోసారి చీల్చి, ఒక్కో దానిలో ధర హద్దులను వరుసలో పేర్చండి. ఆర్మూర్, డీడీ లాంటి రకాల బుట్టలను చీల్చే అవసరం రాకపోవచ్చు. ఏది చీల్చాలో ఊహించకండి, ఒక వారం లాగ్ (వచ్చిన లాట్ల చిట్టా) చూసి ఏ షరతు ఎంతమందిని వడకడుతోందో లెక్కవేసి తేల్చుకోండి.

దాటినప్పుడు చెప్పడం, ఉన్నంతసేపూ చెప్పడం

రైతు "19,000 దాటితే చెప్పండి" అన్నాడంటే, దాటిన ప్రతి లాట్‌కూ మెసేజ్ పంపమని కాదు. ఉదయం నుంచి మధ్యాహ్నం లోపు అలాంటి లాట్లు నలభై ఉంటే నలభై మెసేజ్‌లు పోతాయి, సాయంత్రానికి ఫోన్ వస్తుంది: "బాబూ, ఆ మెసేజ్‌లు ఆపెయ్యి నాయనా." ఆయనకు కావాల్సింది దాటిన క్షణం.

ఈ తేడా పట్టుకుంటే ఇంజిన్ పని కూడా తేలికవుతుంది. తేజ నాన్ ఏసీ ధర ఇందాక 19,400 ఉంది, ఇప్పుడు 19,700 అయింది. కొత్తగా చెప్పాల్సింది ఎవరికి? 19,400కూ 19,700కూ మధ్య హద్దు పెట్టుకున్నవాళ్లకే. 18,000 వాళ్లకు ఎప్పుడో చెప్పేశాం, 20,000 వాళ్లకు ఇంకా రాలేదు. పేర్చిన జాబితాలో పాత ధర చోటు నుంచి కొత్త ధర చోటు దాకా ఉన్న ముక్కను మాత్రం చదివితే చాలు. బుట్టలో పదివేల మంది ఉన్నా ఆ ముక్కలో కొద్దిమందే ఉంటారు. ధర కదలకపోతే ముక్క ఖాళీ, పనే లేదు. ఈ మొత్తం వ్యవస్థలో ఇంత తక్కువ కోడ్‌తో ఇంత ఎక్కువ ఆదా ఇచ్చేది ఇంకోటి లేదు.

ఒక జాగ్రత్త. ధర 19,000 దగ్గరే అటూఇటూ ఊగితే దాటడం, దిగడం, మళ్లీ దాటడం అవుతుంటుంది. ఒకసారి చెప్పాక ధర కనీసం 300 కిందకు దిగితేనే ఆ అలర్ట్ మళ్లీ సిద్ధమయ్యేట్టు పెట్టండి. 300 అన్నది నా అంచనా, మీ లాగ్ చూసి మార్చుకోండి.

ఇంకో జాగ్రత్త దీనికంటే పెద్దది. లాట్ ధర, మార్కెట్ ధర ఒకటి కావు. రంగు బాగున్న లాట్ 20,500 పలికి, పక్కనే తేమ ఎక్కువున్నది 17,000 పలుకుతుంది. ఒక్కో లాట్‌నూ మార్కెట్ ధర అనుకుంటే పై లెక్క పిచ్చిపిచ్చిగా ఊగుతుంది. అందుకే దాటడాన్ని లాట్ మీద కాకుండా, గత అరగంట లాట్ల మీద చూడాలి. అంటే విండో కావాలి.

విండోలను ముక్కలుగా పంచుకోండి

ఒకరికి అరగంట సగటు, ఇంకొకరికి గంట సగటు, వ్యాపారికి రెండు గంటల్లో గరిష్ఠం కావాలి. ఒక్కొక్కరికీ విడిగా విండో నడిపితే ఒకే లాట్‌ను వేలసార్లు కూడుతుంటారు. బదులుగా కాలాన్ని 5 నిమిషాల ముక్కలు చేయండి. ఒక్కో రకానికి ఒక్కో ముక్కలో కొన్ని విలువలే ఉంచండి: మొత్తం టిక్కీలు, టిక్కీలతో గుణించిన ధరల మొత్తం, గరిష్ఠం, కనిష్ఠం. అరగంట అంటే 6 ముక్కలు, గంట అంటే 12, రెండు గంటలంటే 24. ఎవరు ఏ విండో అడిగినా ఈ ముక్కలనే కలిపి ఇస్తారు. ఎవరైనా 12 నిమిషాల విండో అడిగితే ముక్కను నిమిషానికి తగ్గించాల్సి వస్తుంది, కాబట్టి ఫారంలో ఆ వెసులుబాటు ఇవ్వకండి.

సగటును టిక్కీలతో తూకం వేయడం మరిచిపోవద్దు. 5 టిక్కీల లాట్‌కూ 120 టిక్కీల లాట్‌కూ ఒకే విలువ ఇస్తే సగటు రైతును తప్పుదారి పట్టిస్తుంది.

సగటును ముక్క ముక్కకూ విడిగా లెక్కగట్టి ఆ సగటులకు సగటు తీయకూడదు, మొత్తాలు కలిపి చివర్లో ఒకసారి భాగించాలి. గరిష్ఠాన్ని కలపడం తేలికే, ముక్కల గరిష్ఠాల్లో పెద్దది. కానీ పాత ముక్క బయటకు పోయినప్పుడు దాన్ని మొత్తంలోంచి తీసేసినట్టు గరిష్ఠంలోంచి తీయలేరు, మిగిలినవాటిని మళ్లీ చూడాలి. మధ్యస్థ ధర కావాలంటే వంద రూపాయలకో గడి చొప్పున ముక్కకు ఒక చిన్న పట్టిక ఉంచి, ఏ గడిలో ఎన్ని టిక్కీలు పడ్డాయో రాసుకోండి. గడులను కలపవచ్చు, తీసేయవచ్చు. మిర్చికి సగటు కంటే మధ్యస్థ ధరే నిజానికి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం, ఎందుకంటే తాలు పొరపాటున కలిసినా అది పెద్దగా కదలదు.

రికార్డులో ధర ఖరారైన సమయం, మీకు చేరిన సమయం రెండూ ఉండాలి. విండోకు మొదటిదే లెక్క. యార్డు లోపల సిగ్నల్ సరిగా లేని ఫోన్ నుంచి పది నిమిషాలు ఆలస్యంగా ఏడెనిమిది లాట్లు ఒకేసారి రావచ్చు. ముక్క మూసేముందు ఎంతసేపు ఆగాలో మీరే నిర్ణయించుకోవాలి. తక్కువ ఆగితే లెక్క తప్పుతుంది, ఎక్కువ ఆగితే మెసేజ్ ఆలస్యమవుతుంది. ధర అలర్ట్‌లకు రెండు నిమిషాలు ఆగి, ఆ తర్వాత వచ్చినవాటితో రోజు చివరి నివేదికను మాత్రం సరిచేయడం నాకు సబబుగా తోస్తుంది.

పొరలు పొరలుగా వచ్చే డేటా

ఇప్పటిదాకా రికార్డు చదునుగా ఉంది. ఎగుమతిదారుల వైపు పత్రాలు అలా ఉండవు. ఒక కన్సైన్‌మెంట్‌లో లాట్లు, లాట్‌లో శాంపిళ్లు, శాంపిల్‌లో ల్యాబ్ ఫలితాలు, వాటిలో ఆఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) ఒక గడి. అన్నీ ఎక్స్‌ఎంఎల్, జేసన్ లాంటి ఫైల్ ఫార్మాట్లలో ఒకదానిలో ఒకటి ఇమిడి వస్తాయి. ఒక ల్యాబ్ ఆ గడిని మూడో పొరలో పెడితే, ఇంకోటి ఐదో పొరలో పెడుతుంది. కాబట్టి ప్రశ్నలు కూడా "కన్సైన్‌మెంట్ కింద ఎక్కడున్నా ఆఫ్లాటాక్సిన్" అన్నట్టు దారులుగా ఉంటాయి.

ఇక్కడ చేయకూడనిది, పత్రం మొత్తాన్ని మెమరీలో చెట్టుగా కట్టి ఒక్కో దారినీ దాని మీద నడపడం. పత్రాన్ని ఒక్కసారే చదవండి. ట్యాగ్ (ఒక్కో పొర పేరున్న గుర్తు) తెరుచుకోవడం ఒక సంఘటన, మూసుకోవడం ఇంకో సంఘటన. దారులన్నిటినీ కలిపి ఒకే స్టేట్ మెషీన్ (ఒక్కో సంఘటనకు ఒక స్థితి, అంటే స్టేట్, నుంచి ఇంకో స్థితికి మారే యంత్రం) కట్టండి. "కన్సైన్‌మెంట్, లాట్, ధర", "కన్సైన్‌మెంట్, లాట్, శాంపిల్, తేమ" అన్న రెండు దారులకు మొదటి రెండు అడుగులు ఒకటే, ఆ తర్వాతే చీలతాయి. వెయ్యి దారులున్నా ఉమ్మడి మొదలు ఒక్కసారే నడుస్తుంది. ట్యాగ్ తెరిచినప్పుడు కొత్త స్టేట్‌లను స్టాక్ (చివర పెట్టింది ముందు తీసే దొంతర) మీద పెట్టండి, మూసినప్పుడు తీసేయండి. "ఎక్కడున్నా" అన్నదానికి, ఏ ట్యాగ్ వచ్చినా తనలోనే తిరిగే స్టేట్ ఒకటి చాలు.

2000లో వచ్చిన ఎక్స్‌ఫిల్టర్ అనే వ్యవస్థ ప్రతి క్వెరీకీ విడి మెషీన్ కట్టి, వాటికి ఇండెక్స్ వేసింది. ఆ వెంటనే బర్క్‌లీలో యాన్లీ డియావ్, మైకేల్ ఫ్రాంక్లిన్ బృందం చేసిన వైఫిల్టర్, అన్నిటినీ ఒకే మెషీన్‌లో కలిపి ఉమ్మడి మొదళ్లను పంచుకుంది. పైన చెప్పిన పద్ధతి అదే. దీన్ని ఇంకా వేగం చేద్దామని ఒకసారికి ఒకే స్టేట్ ఉండే మెషీన్‌గా ముందే మార్చబోకండి. "ఎక్కడున్నా" దారులు ఎక్కువైతే స్టేట్‌ల సంఖ్య విపరీతంగా పెరిగి మెమరీ నిండిపోతుంది. అవసరమైన స్టేట్‌లను డేటా వస్తున్నప్పుడే ఒక్కొక్కటిగా కట్టుకుని దాచుకోవడం దీనికి విరుగుడు. విలువల షరతులను దారి మొత్తం దొరికాకే చూడండి, అడుగడుగునా చూస్తే పంచుకున్నదంతా మళ్లీ చీలిపోతుంది.

నడుస్తుండగా మార్చడం, మెషీన్ల మధ్య పంచడం

సీజన్‌లో రోజంతా కొత్త ప్రశ్నలు వస్తాయి, పాతవి రద్దవుతాయి. పేర్చిన జాబితాలోకి ఒక్కొక్కటి దూర్చుతూ పోతే లాక్‌ల దగ్గరే, అంటే ఒకరు మార్చేదాకా ఇంకొకరు ఆగడంలోనే, సమయమంతా పోతుంది. కొత్తవాటిని చిన్న పక్కజాబితాలో ఉంచి మొద్దు పద్ధతిలో చూడండి, రద్దయినవాటికి గుర్తు పెట్టండి, నిమిషానికోసారి కొత్త ఇండెక్స్ పక్కన కట్టి ఒక్క దెబ్బకు మార్చేయండి. కొత్త ప్రశ్న వచ్చేసరికే ధర ఆ హద్దు పైన ఉంటే, "ఇప్పటికే దాటింది" అని ఒక మెసేజ్ పంపాలా వద్దా అన్నది ముందే తేల్చుకోండి. పాత ధర నుంచి కొత్త ధర దాకా ముక్కనే చదివే పద్ధతిలో, ధర కిందకు దిగి మళ్లీ దాటేదాకా దానికి అలర్ట్ రాదు.

ఒక మెషీన్ చాలకపోతే రెండు దారులున్నాయి. ప్రశ్నలు ఎక్కువై రికార్డులు తక్కువైతే ప్రశ్నలను మెషీన్లకు పంచి, ప్రతి రికార్డునూ అందరికీ పంపండి. రికార్డులు ఎక్కువై ప్రశ్నలు తక్కువైతే ప్రశ్నలన్నిటినీ ప్రతి మెషీన్‌లోనూ ఉంచి, రికార్డులను పంచండి. ఆగకుండా వచ్చే డేటా కోసం కట్టిన ఫ్లింక్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అందరికీ ఒకే సమాచారం పంపే బ్రాడ్‌కాస్ట్ స్టేట్ ఈ రెండోదానికి సరిపోతుంది. విండో ప్రశ్నలుంటే మాత్రం ఒక రకం లాట్లన్నీ ఒకే మెషీన్‌కు వెళ్లాలి, రికార్డులను వరుసగా చేరవేసే కాఫ్కా అనే సాఫ్ట్‌వేర్‌లో రకాన్ని కీగా (ఏ మెషీన్‌కు వెళ్లాలో తేల్చే గుర్తుగా) పెట్టండి. తేజ ఉన్న మెషీన్ మీదే భారమంతా పడుతుంది, అది ముందే తెలిసిందే కాబట్టి ఏసీ, నాన్ ఏసీని కూడా కీలో కలపండి.

పరీక్ష, పంపడం

పరీక్షకు సోమవారం లాగ్ తీసుకోండి. శని ఆదివారాలు యార్డుకు సెలవు కాబట్టి ఆ రోజు సరుకు ఎక్కువ వస్తుంది. అదే లాగ్‌ను మొద్దు పద్ధతికీ కొత్త ఇంజిన్‌కూ ఇచ్చి, లాట్ వారీగా ఎవరెవరికి మెసేజ్ వెళ్లిందో రెండు జాబితాలూ పోల్చండి. ఒక్కరు తేడా వచ్చినా ఆగి చూడండి, చాలాసార్లు అది "పైన", "లేదా పైన" మధ్య తేడాయే. వేగం కొలిచేటప్పుడు సగటు సమయం చూసి సంతోషపడకండి. వందలో అతి నెమ్మదైన ఒక్క లాట్‌కు ఎంత పట్టిందో చూడండి.

పంపే దగ్గర అసలు ఖర్చు మొదలవుతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ఎస్సెమ్మెస్ టెంప్లేట్‌ను (మెసేజ్ నమూనాను) డీఎల్‌టీ అనే నమోదు వేదికలో ముందే నమోదు చేయాలి, ధర, రకం లాంటివి మారే గడులుగా ఉంటాయి. తెలుగు మెసేజ్ ఒక్కదానిలో 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లిష్‌కైతే 160. తెలుగులో గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి, "స్త్రీ" అన్న ఒక్క అక్షరం ఆరుగా పడుతుంది. 70 దాటిందా, మెసేజ్ ముక్కకు 67 చొప్పున చీలి ఖర్చు రెట్టింపవుతుంది. కాబట్టి "గౌరవనీయులైన రైతు సోదరులకు" లాంటివి తీసేసి, "తేజ నాన్ ఏసీ 19,700. అరగంట ధర. గుంటూరు 11:40" అని పంపండి.